సస్కాచెవాన్ సరస్సుల గురించి ఇక్కడి తెలుగువారికి బహిరంగ లేఖ

కెనడాలోని రెజైనా, సస్కటూన్, మూస్ జా, ప్రిన్స్ ఆల్బర్ట్‌లలో స్థిరపడిన తెలుగు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, మన సంఘాల పెద్దలకు నమస్కారం.

వేసవి ముదిరేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తుంటాయి. "కటెప్వా బీచ్‌లో నీళ్ళు పచ్చగా ఉన్నాయట, పిల్లల్ని దింపొచ్చా?" అనేది ఒకటి. "కొళాయి నీళ్ళు మట్టివాసన కొడుతున్నాయి, మీ ఇంట్లోనూ అంతేనా?" అనేది రెండోది. ఒకరు ఫిల్టర్ పెట్టించామంటారు, ఇంకొకరు ఈసారి వేరే లేక్‌కి పోదామంటారు. అంతటితో ఆ మాట ముగిసిపోతుంది. అక్కడితో ముగియకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే, మన సరస్సుల్లో పెరుగుతున్న నాచు. దాని గురించి ఈ ప్రావిన్స్ ప్రభుత్వాన్ని అడగాల్సినవాళ్ళలో మనమూ ఉన్నాం.

సస్కాచెవాన్‌కి సముద్రం లేదు. సరస్సులు మాత్రం లక్ష దాకా ఉన్నాయని ప్రభుత్వమే చెప్పుకుంటుంది. మొత్తం విస్తీర్ణంలో దాదాపు ఎనిమిదో వంతు నీరే. మనలో చాలామంది ఈ సరస్సుల్లో పదో వంతు కూడా చూడలేదు, ఎందుకంటే ఎక్కువ భాగం ఉత్తరాన, రోడ్డు సరిగా లేనిచోట ఉన్నాయి. ఆల్బెర్టా సరిహద్దు మీద అథబాస్కా సరస్సు ఉంది, 7,850 చదరపు కిలోమీటర్లు. దాని దక్షిణపు ఒడ్డున ఎడారిలో ఉండాల్సిన ఇసుక దిబ్బలు మైళ్ళ పొడవున ఉన్నాయి. మానిటోబా వైపు రెయిండీర్ సరస్సు ఉంది. దాని దక్షిణ కొసన ఉన్న డీప్ బే అనే గుండ్రటి అఖాతం కోట్ల ఏళ్ళ కిందట ఉల్క పడి ఏర్పడింది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది వోలస్టన్ సరస్సు. దానికి రెండు వైపులా దారి ఉంది. ఫాన్ డు లాక్ నదిలోకి వెళ్ళిన నీరు అథబాస్కా చేరి, మెకంజీ నదిలో కలిసి ఆర్కిటిక్ మహాసముద్రంలోకి పోతుంది. కాక్రన్ నదిలోకి వెళ్ళిన నీరు రెయిండీర్ సరస్సు, చర్చిల్ నది మీదుగా హడ్సన్ బే చేరుతుంది. ఒకే సరస్సు నీరు రెండు సముద్రాలకు వెళ్ళడం ప్రపంచంలో చాలా అరుదు.

ఉత్తరాన ఉన్నదంతా కెనడియన్ షీల్డ్ రాతినేల. మంచుయుగంలో హిమానీనదాలు దొలిచిన రాతి గుంటల్లో నిలిచిన నీరది. అందులో పోషకాలు, అంటే నాచుకు ఆహారమైన భాస్వరం, నత్రజని లాంటివి తక్కువ, అందుకే అంత తేటగా ఉంటుంది. అక్కడా మనిషి చేసిన చెడుపు లేకపోలేదు. అథబాస్కా ఒడ్డున గన్నర్ యురేనియం గనిని 1960లలో మూసేసినప్పుడు వ్యర్థాలను కప్పిపెట్టకుండా వదిలేసి వెళ్ళారు. శుభ్రం చేయడానికి మొదట రెండున్నర కోట్ల డాలర్లు చాలనుకున్నారు, తర్వాత ఆ అంచనా పది రెట్లు దాటింది. అది వేరే ఉత్తరానికి సరిపడే సంగతి. నా బాధ ఇప్పుడు దక్షిణాన ఉన్న, మనం రోజూ తాగే నీళ్ళ గురించి.

రెజైనాలో మీరు గ్లాసులో పట్టుకునే నీళ్ళు ఎక్కడివో ఒకసారి వెనక్కి నడిచి చూద్దాం. రాకీ పర్వతాల మంచు కరిగి సౌత్ సస్కాచెవాన్ నదిలోకి వస్తుంది. 1967లో పూర్తయిన గార్డినర్ డ్యామ్, క్వాపెల్ రివర్ డ్యామ్ కలిసి ఆ నీటిని ఆపితే ఏర్పడింది డీఫెన్‌బేకర్ సరస్సు. 225 కిలోమీటర్ల పొడవు. ఈ ప్రావిన్స్ జనాభాలో సగానికి పైగా తాగేది ఈ నీళ్ళే. గార్డినర్ డ్యామ్ నుంచి కిందికి వెళ్ళినది సస్కటూన్‌ది. క్వాపెల్ డ్యామ్ నుంచి వదిలినది క్వాపెల్ లోయలో పారి బఫలో పౌండ్ సరస్సులో చేరుతుంది. సన్నగా, పొడవుగా, సగటున మూడు మీటర్ల లోతు మాత్రమే ఉండే సరస్సు అది. 1950ల నుంచీ రెజైనా, మూస్ జా నగరాలకు తాగునీరు అక్కడినుంచే. లోతు తక్కువ, ఎండ అడుగుదాకా దిగుతుంది, పోషకాలు దండిగా ఉన్నాయి. నాచు పట్టడానికి ఇంకేం కావాలి? మట్టివాసన ఆ నాచు, దానితోపాటు పెరిగే సూక్ష్మజీవులు వదిలే పదార్థాలది. శుద్ధి కేంద్రంలో ఆ వాసన తీయడానికి కార్బన్ వాడుతూ వచ్చారు. ఇప్పుడు ఆ కేంద్రం ఆధునికీకరణకు 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేపట్టారు. సరస్సు పచ్చబడినకొద్దీ నీటిశుద్ధి ఖర్చు పెరుగుతుంది. అది చివరికి పడేది మన నీటి బిల్లు మీదే.

ఇక మన సింకులోంచి దిగిన నీళ్ళు ఎటు పోతున్నాయి? రెజైనా మురుగు శుద్ధయ్యాక వస్కానా వాగులో కలుస్తుంది. వస్కానా వాగు క్వాపెల్ నదిలో కలుస్తుంది. నది కిందికి పారి పాస్క్వా, ఎకో, మిషన్, కటెప్వా సరస్సుల్లో ఒకదాని తర్వాత ఒకదానిలోకి వెళ్తుంది. అంటే మనం ఆదివారం పులిహోర కట్టుకుని వెళ్ళి పిల్లల్ని ఆడించే బీచ్ మన మురుగునీటి దారిలోనే ఉంది. 2016 చివర్లో కొత్త మురుగుశుద్ధి కేంద్రం నడవడం మొదలయ్యాక నత్రజని, భాస్వరం బాగా తగ్గాయి. అది నిజంగా మంచి పని, చేసినవాళ్ళను మెచ్చుకోవాలి. అయినా సరస్సులు వెంటనే కోలుకోవు. దశాబ్దాలుగా అడుగు బురదలో చేరిన భాస్వరం, లోతుల్లో ప్రాణవాయువు తగ్గిన ప్రతిసారీ మళ్ళీ నీటిలోకి వస్తుంది.

భాస్వరానికీ నాచుకూ ఉన్న లంకెను కళ్ళకు కట్టినట్టు చూపించింది ఇదే దేశం. మానిటోబా అవతలున్న ఒంటారియోలో, ప్రయోగాల కోసమే కేటాయించిన చిన్న సరస్సుల ప్రాంతం ఉంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం అక్కడి 226వ నంబరు సరస్సును సన్నటి ఇరుకు దగ్గర తెరకట్టి రెండుగా విడదీసింది. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు. ఒకవైపు మాత్రమే భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన సగం పచ్చబడింది, రెండో సగం తేటగానే ఉండిపోయింది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో చూశాక, డిటర్జెంట్లలో భాస్వరం గురించి ప్రభుత్వాలతో వాదించడానికి శాస్త్రవేత్తలకు ఎక్కువ మాటలు అవసరం రాలేదు. మన క్వాపెల్ సరస్సుల్లో భాస్వరం ముందే పుష్కలంగా ఉంది కాబట్టి, పైనుంచి వచ్చే నత్రజని కూడా నాచును రెచ్చగొడుతుందని రెజైనా యూనివర్సిటీ పరిశోధకులు చెబుతూ వచ్చారు. వాళ్ళు 1994 నుంచీ ఈ సరస్సులను వరసగా పరీక్షిస్తున్నారు. అడుగు మట్టిని పొడుగాటి గొట్టాల్లో తీసి పొరలు పొరలుగా చదివారు. తెల్లవాళ్ళు రాకముందు కూడా ఈ సరస్సులు అద్దంలా ఏమీ లేవని, అప్పుడూ నాచు ఉండేదని ఆ పొరలే చెప్పాయి. దాన్ని పట్టుకుని "ఇవి మొదటినుంచీ ఇంతేలే" అనేవాళ్ళున్నారు. అదే మట్టిలో పై పొరలు, వ్యవసాయం, నగరం వచ్చాక నాచు ఎంత పెరిగిందో కూడా చెబుతాయి. ఆ పై పొరల సంగతి మాత్రం వాళ్ళు ఎత్తరు.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. పచ్చదనమంతా విషం కాదు. ఒడ్డున ఎండుపుల్ల తీసుకుని నీటి పైపొరలో తిప్పి పైకెత్తండి. దారాలు దారాలుగా వేలాడితే మామూలు నాచు. పుల్లకు రంగు పూసినట్టు అంటుకుంటే అది సయనోబ్యాక్టీరియా, అందులో కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ ఉండొచ్చు. ఆ రోజు నీళ్ళలో దిగకండి. కుక్కను అసలే దింపకండి, అవి ఒళ్ళు నాక్కుంటాయి కాబట్టి ముందు ప్రమాదం వాటికే. మనకు ఏ నీళ్ళయినా మరగబెడితే మంచివనే నమ్మకం ఉంది. ఈ విషం మరగబెట్టినా పోదు. క్యాంపింగ్‌కు వెళ్ళి సరస్సు నీళ్ళతో అన్నం వండుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నగరం మురుగు తగ్గాక మిగిలిన పెద్ద లెక్క పొలాలది. దక్షిణ సస్కాచెవాన్ అంతా చిన్న చిన్న గుంటలతో నిండిన నేల. ఇక్కడివాళ్ళు స్లూ అంటారు, మన కుంటల్లాంటివే. మంచుయుగం వదిలిపోయిన గుంటలవి. మార్చి, ఏప్రిల్‌లో నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే పైనున్న మంచు కరుగుతుంది. ఆ నీరు ఇంకడానికి వీల్లేక పారి, దగ్గర్లోని కుంటలో చేరుతుంది. అక్కడ నిలిచి, బురద దిగి, తుంగ, జమ్ము కొంత పోషకం పీల్చుకుని, మిగతాది మెల్లగా ఇంకిపోతుంది. మామూలు ఏడాదుల్లో ఈ కుంటల నీరు ఏ నదికీ చేరదు. ఈ ప్రేయరీ (పచ్చిక మైదానం) నేలకున్న గొప్ప గుణం అదే. రైతు ఒక డ్రెయిను తవ్వి కుంటను వాగుతో కలిపితే, అంతవరకూ నదితో సంబంధమే లేని భూమి నదికి నీళ్ళు పంపడం మొదలుపెడుతుంది. నీటితోపాటే ఎరువూ వెళ్తుంది.

ఇది ఊహ కాదు. అసినిబోయిన్ నదికి నీరిచ్చే స్మిత్ క్రీక్ అనే వాగు ప్రాంతాన్ని సస్కాచెవాన్ యూనివర్సిటీ వాళ్ళు లెక్కగట్టారు. 1958లో అక్కడి నేలలో 24 శాతం కుంటలు, చిత్తడి నేలలు. 2008 నాటికి 11 శాతం. మిగిలినవీ తీసేస్తే 2011లో అక్కడ వచ్చినలాంటి వరద ఇంకెంత ఎత్తుకు లేస్తుందో వాళ్ళ నమూనా చూపించింది, ఆ పెరుగుదల చిన్నది కాదు. అనుమతి లేకుండా నీళ్ళు తీసేసిన భూమి లక్షల ఎకరాల్లో ఉందని ఈ ప్రావిన్స్ ఆడిటరే 2018లో రాశారు. ఈ నీళ్ళన్నీ కిందికి, తూర్పుకే పోతాయి. క్వాపెల్ నది అసినిబోయిన్‌లో, అసినిబోయిన్ రెడ్ నదిలో, రెడ్ నది విన్నిపెగ్ సరస్సులో. ఆ విన్నిపెగ్ సరస్సుకు 2013లో ఒక అంతర్జాతీయ సంస్థ ఆ ఏటి ముప్పులో ఉన్న సరస్సుగా పేరు పెట్టింది. మన దగ్గరి డ్రెయిన్ల పాపంలో కొంత మానిటోబావాళ్ళు మోస్తున్నారు.

కుంటలు పూడిస్తే ఏమవుతుందో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మాది ఏలూరు వైపు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఎందుకుందో మా తాతల తరానికి తెలుసు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఆ నీళ్ళన్నీ పట్టుకుని ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదిలేది. చేపల చెరువుల గట్లు ఆ నేలను ముక్కలు చేశాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు కొట్టారు, మళ్ళీ కట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు మీలో ఎంతమంది రాత్రుళ్ళు ఇంటికి ఫోన్లు చేస్తూ కూర్చున్నారో నాకు తెలుసు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. నీటికి చోటు లేకుండా చేయడం అందులో ఒకటని ఎవరూ కాదనలేరు. ఆ అనుభవం ఉన్న మనం సస్కాచెవాన్‌లో అదే జరుగుతుంటే చూస్తూ ఎందుకు ఊరుకుంటాం?

"మనం వచ్చినవాళ్ళం, ఇది రైతుల వ్యవహారం, మనకెందుకు" అని మన పెద్దలు కొందరు అంటారు. వాళ్ళ మీద నాకు గౌరవమే, కానీ ఈ మాట ఒప్పుకోలేను. ఇక్కడ పన్ను కడుతున్నాం. ఇల్లు కొన్నాం. పిల్లలు ఇక్కడే ఈత నేర్చుకుంటున్నారు. ఇక్కడి పొలాలతో మనకు ముందునుంచే బంధం ఉంది. భారతదేశం దిగుమతి చేసుకునే మసూర్ పప్పు, పసుపు బఠాణీల్లో చాలా భాగం ఈ ప్రావిన్స్ నేలదే. ఇక్కడి గనుల పొటాష్ మన పొలాలకూ వెళ్తోంది. ఇక్కడి రైతు బాగుండాలని కోరుకోవడానికి మనకు చాలా కారణాలున్నాయి.

అందుకే రైతును దొంగగా చూపించే మాట ఎవరూ అనొద్దని ముందే కోరుతున్నాను. అరవై, డెబ్బై అడుగుల వెడల్పున్న విత్తే యంత్రంతో ప్రతి కుంట చుట్టూ తిరగడం ఎంత కష్టమో పొలం చూసినవాళ్ళకు తెలుస్తుంది. తిప్పినచోటల్లా విత్తనం, ఎరువు రెండుసార్లు పడతాయి, డీజిల్ తగలబడుతుంది, తడి ఏడాది చేలోకి దిగడమే ఆలస్యమవుతుంది. కుంట ఉంచినందుకు రైతుకు నష్టమే తప్ప లాభం లేదు. లాభమంతా కిందున్నవాళ్ళది, అంటే నీళ్ళు తాగే మనది. అందుకని కుంటను కాపాడినందుకు రైతుకు డబ్బు మనం ఇవ్వాలి. 2006లో మానిటోబాలో మొదలైన ఏలస్ అనే కార్యక్రమం ఈ పద్ధతిలోనే ఎకరానికి ఇంత అని రైతుకు చెల్లిస్తుంది. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా ఈ కుంటల ప్రాంతంలోనే పుడతాయని పక్షుల శాస్త్రవేత్తల అంచనా. కొల్లేటి అటపాకలో గూడకొంగల్ని చూసి మురిసినవాళ్ళు, శరదృతువులో లాస్ట్ మౌంటెన్ సరస్సుకు ఒక్కసారి వెళ్ళి రండి. 1887లో ఏర్పాటైన ఆ పక్షుల అభయారణ్యం ఉత్తర అమెరికాలోనే మొదటి ప్రభుత్వ పక్షి రక్షిత ప్రాంతం. వేల కొంగలు ఒక్కసారి లేచినప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడదు.

ఇంకో పెద్ద నిర్ణయం ముందుంది. డీఫెన్‌బేకర్ సరస్సు నుంచి 5 లక్షల ఎకరాల దాకా కొత్తగా నీరు పారించే 400 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రభుత్వం 2020 జులైలో ప్రకటించింది. సాగునీరు కూడదని నేను అనను, గోదావరి కాలవల కింద పెరిగినవాణ్ణి అలా ఎలా అంటాను? నేను అడిగేది ఒకటే. రాకీల మంచు తగ్గుతున్న కాలంలో ఆ నీరు ఎక్కడినుంచి వస్తుంది, ఆ పొలాల ఎరువు తిరిగి ఏ సరస్సులోకి వస్తుంది, ఆ లెక్క ముందు జనం ముందు పెట్టాలి. కట్టాక పెట్టే లెక్క మనకు అలవాటే, అది ఎవరికీ పనికిరాదు.

ఈ నీళ్ళ గురించి మనకన్నా ముందు మాట్లాడే హక్కున్నవాళ్ళు ఉన్నారు. 1874 సెప్టెంబరు 15న ఫోర్ట్ క్వాపెల్ దగ్గర, ఈ సరస్సుల ఒడ్డునే, క్రీ, సోటో, అసినిబోయిన్ మూలవాసి జాతులవాళ్ళు బ్రిటిష్ రాణి ప్రభుత్వంతో నాలుగో ఒడంబడిక చేసుకున్నారు. 1940లలో కరవు నివారణ పేరుతో ఎకో సరస్సు కింద కట్టిన ఆనకట్టలాంటివి వాళ్ళ రిజర్వు భూములను, వాళ్ళ అనుమతి లేకుండానే ముంచాయి. పరిహారం కోసం వాళ్ళు దశాబ్దాలు పోరాడారు. మనం ఈ పని మొదలుపెడితే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పేది విని, వాళ్ళ వెనక నిలబడాలి. సంక్రాంతి, ఉగాది వేదికల మీద మంత్రుల్ని కూర్చోబెట్టి శాలువాలు కప్పే సంఘాలు, ఒకసారి ఆ మూలవాసుల్లో ఒకరైన పాస్క్వా ఫస్ట్ నేషన్ పెద్దల్ని పిలిచి నీళ్ళ గురించి మాట్లాడించండి.

ఇళ్ళల్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి చిన్నవే అయినా చేయాలి. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టండి, నిమజ్జనం పెరట్లో తొట్టెలో చేసి ఆ మట్టి మొక్కలకు వేయండి. వస్కానా సరస్సులో గాని, మరే నీళ్ళలో గాని రంగుల విగ్రహం, పత్రి, నూనె వదలొద్దు. ఆ వస్కానాను 1930ల కరవులో నిరుద్యోగులు పారలు పట్టి తవ్వారు, 2003-04లో పూడిక తీయడానికి మళ్ళీ తవ్వాల్సి వచ్చింది. పడవ అద్దెకు తీసుకున్నా, కొనుక్కున్నా, ఒక సరస్సు నుంచి ఇంకోదానికి వెళ్ళేముందు కడిగి, నీళ్ళు పూర్తిగా తీసి, ఆరబెట్టండి. డ్రెయిన్ ప్లగ్ తీసే రోడ్డెక్కాలన్నది ఇక్కడి నిబంధన కూడా. జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు 2013లో విన్నిపెగ్ సరస్సులో బయటపడ్డాయి, ఇప్పుడు వాటిని వదిలించుకునే దారి లేదు. అక్వేరియం చేపల్ని జాలిపడి చెరువులో వదిలేయకండి. పచ్చికకు ఎరువు వేయాలనిపిస్తే, వాన రాబోయే రోజున మాత్రం వేయకండి.

ఇవన్నీ చేసినా కుంటల సంగతి తేలకపోతే సరస్సులు బాగుపడవు. కాబట్టి సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. రాబోయే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం పెట్టండి. ప్రావిన్స్ నీటి భద్రతా సంస్థకు, సంబంధిత మంత్రికి, మన మన ఎమ్మెల్యేలకు సంఘం తరఫున ఉత్తరం పంపుదాం. అందులో మూడు అడుగుదాం. మిగిలిన కుంటల్ని కాపాడే గట్టి చట్టం, దాన్ని అమలు చేసే సిబ్బంది. కుంట ఉంచిన రైతుకు ఏటా చెల్లింపు. డ్రెయినుకు అనుమతి ఇచ్చేముందు, ఆ నీరు చేరే సరస్సులో భాస్వరం ఎంత పెరుగుతుందో లెక్కగట్టి బయటపెట్టడం. పౌరసత్వం రానివాళ్ళు, స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఎమ్మెల్యేకి ఉత్తరం రాయొచ్చు, ఓటు లేనంత మాత్రాన ఆ హక్కు పోదు. ఇంగ్లీషులో ముసాయిదా నేను తయారుచేసి ఉంచాను. యూనివర్సిటీల్లో నీటి మీద, నేల మీద పరిశోధన చేస్తున్న మన పిల్లలున్నారు, వాళ్ళు దాన్ని ఒకసారి చదివి అంకెలు సరిచూస్తే బాగుంటుంది. మంచు కరగకముందే, అంటే మార్చిలోపే అది మంత్రి చేతికి అందాలి. డ్రెయిన్లలో నీళ్ళు కదిలేది ఆ తర్వాతే.

ఇట్లు,
రెజైనాలో మీతోపాటే బఫలో పౌండ్ నీళ్ళు తాగుతున్న ఒక ఏలూరు జిల్లావాసి